రంజాన్ కిట్టులో నూనె, మన గుండె సంగతి



పోయిన రంజాన్‌కు ముందు కిట్లు కట్టేటప్పుడు మా సంఘం ఆఫీసులో ఒక వాదన జరిగింది. బియ్యం, కందిపప్పు, గోధుమపిండి, చక్కెర, సేమ్యా, ఖర్జూరాలు అన్నీ సంచుల్లోకి పోయాయి. చివరగా పామోలిన్ ప్యాకెట్లు, అర కిలో వనస్పతి ప్యాకెట్లు ఉన్న అట్టపెట్టెలు విప్పుతుంటే, మందుల షాపు నడిపే మా సభ్యుడొకాయన అడ్డం పడినాడు. "ఈ చేత్తో డాల్డా ఇస్తాం, ఆ చేత్తో స్టెంటు వేయించుకున్నోళ్లకు మందుల డబ్బులిస్తాం. ఇదేం లెక్క?" అన్నాడు. కొందరు నవ్వారు. కొందరికి కోపమొచ్చింది. పేదోళ్ల ఇంట్లో నూనె చుక్క ఉండడమే గొప్ప, అందులో మంచీ చెడూ వెతకడం ఉన్నోళ్ల ముచ్చట అని ఒక పెద్దాయన గట్టిగానే అన్నారు.

ఆ రోజు కిట్లు అట్లే పంచేశాం. కానీ ఆ మాట మమ్మల్ని వదలలేదు. మా రిజిస్టర్ తిరగేస్తే వైద్య సాయం కోసం వచ్చే అర్జీల్లో గుండె జబ్బువి పెరుగుతూ వస్తున్నాయని కళ్లకు కనిపించింది. వచ్చేవాళ్లలో ఆటో తోలేవాళ్లు, దూదేకులపని వదిలి పరుపులు కుట్టేవాళ్లు, ఆదోని మార్కెట్లో హమాలీలు ఉన్నారు. అరవై దాటినవాళ్లు మాత్రమే కాదు, నలభై ఐదు, యాభై ఏళ్లవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ ఏడాది సంచికలో ఈ విషయం రాయాలని తీర్మానించుకున్నాం. మీరిచ్చే ప్రతి రూపాయీ ఏ నూనెలో వేగుతోందో మీకు తెలియాలి కదా.

గుండెపోటు పట్నం రోగం, డబ్బున్నోళ్ల రోగం అని ఇంకా అనుకునేవాళ్లున్నారు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో 2003–04 ప్రాంతంలో ఎవరు ఏ కారణంతో చనిపోయారో ఇంటింటికీ తిరిగి అడిగారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అన్న పేరుతో జరిగిన ఆ అధ్యయనంలో దాదాపు మూడో వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. అవన్నీ పల్లెలే. ఇక 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనానికి సారథి కేరళలో పుట్టి బెంగళూరులో వైద్యం చదివిన డాక్టర్ సలీం యూసుఫ్. ఆ సమాచారాన్ని విడదీసి చూస్తే, మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందనీ, మిగతా దేశాల వాళ్లకు దాదాపు 59 ఏళ్లకు వస్తోందనీ కనిపించింది. ఆరేళ్ల తేడా. పిల్ల పెళ్లి కావలసిన ఇంట్లో, కొడుకు చదువు మధ్యలో ఉన్న ఇంట్లో ఆరేళ్లంటే ఏమిటో మా దగ్గరికొచ్చే అర్జీలు చెప్తాయి.

అసలు నూనెకూ గుండెకూ సంబంధం ఏమిటి? చాలామంది అనుకునేది, తిన్న కొవ్వు నేరుగా పోయి నాళాల్లో పేరుకుంటుందని, మోరీలో జిడ్డు గడ్డకట్టినట్టు. అది పూర్తిగా నిజం కాదు. కొలెస్ట్రాల్ అనేది మైనం లాంటి పదార్థం. అది ఒంటికి కావాలి. చాలా భాగం మన కాలేయమే తయారు చేసుకుంటుంది. అది నీళ్లలో కరగదు కాబట్టి రక్తంలో చిన్న చిన్న మూటల్లో తిరుగుతుంది. ఆ మూటల్లో ఎల్‌డీఎల్ అనే రకాన్ని మనం చెడు కొలెస్ట్రాల్ అంటాం. కాలేయం మీద ఈ మూటలను లోపలికి లాక్కునే తలుపుల్లాంటివి ఉంటాయి. వాటిని కనిపెట్టిన అమెరికా శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. సంతృప్త కొవ్వు ఎక్కువ తింటే ఈ తలుపులు తగ్గిపోతాయి. లోపలికి పోవలసిన మూటలు రక్తంలోనే తిరుగుతుంటాయి. ఏళ్ల తరబడి అట్లా తిరిగేవి గుండెకు రక్తమిచ్చే నాళాల గోడల్లోకి దూరి, అక్కడ వాపు పుట్టించి, పుండులా తయారవుతాయి. ఒకరోజు ఆ పుండు పగిలి, దాని మీద రక్తం గడ్డకడితే దారి మూసుకుపోతుంది. గుండెపోటు అంటే అదే. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ పడిపోయాడంటాం గానీ, ఆ పని ఇరవై ఏళ్ల కింద మొదలై ఉంటుంది.

సంతృప్త కొవ్వు ఏదో ఇంట్లోనే గుర్తుపట్టవచ్చు. చలికాలం పొద్దున గట్టిపడి ఉండేదాంట్లో అది ఎక్కువ. నెయ్యి, వెన్న, మాంసం మీది చర్బీ, కొబ్బరినూనె, వనస్పతి ఈ జాతివి. బుడ్డల నూనె, పొద్దుతిరుగుడు, నువ్వులు, కుసుమ, తవుడు నూనెలు పారుతూ ఉంటాయి. వాటిలో అసంతృప్త కొవ్వు పాలు ఎక్కువ. ఇది చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గించే రకం. అంకెల్లో చెప్పాలంటే కొబ్బరినూనెలో నూటికి 90 పాళ్ల దాకా, నెయ్యిలో 60కి పైగా, పామోలిన్‌లో 40కి పైగా సంతృప్త కొవ్వే. బుడ్డల నూనెలో అది 20 లోపు, పొద్దుతిరుగుడులో 11 దగ్గర, కుసుమలో ఇంకొంచెం తక్కువ. తవుడు నూనెలో 20, 22 ఉంటుంది గానీ, దాంట్లోని ఒరైజనాల్ అనే పదార్థం కొలెస్ట్రాల్ తగ్గడానికి కొంత తోడ్పడుతుంది.

ఇక వనస్పతి కథ వేరే. 1937లో మన దేశంలో డాల్డా వచ్చింది. నూనెలోకి నికెల్ లోహం సాయంతో హైడ్రోజన్ వాయువు పంపి, దాన్ని నెయ్యిలా గట్టిపరచడమే అందులో కిటుకు. పచ్చ డబ్బా, చెట్టు బొమ్మ మనలో ఎవరికి గుర్తులేదు? పెళ్లి బిర్యానీకి, షీర్ ఖుర్మాకు, పరోటాకు నెయ్యి కొనలేని ఇంటికి అదే నెయ్యి. నెయ్యిలో దాన్ని కలిపి అమ్మేవాళ్లను పట్టుకోవడానికి, వనస్పతిలో నువ్వుల నూనె తప్పకుండా కలపాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. పరీక్ష చేస్తే నువ్వుల నూనె ఉన్నది ఎర్రబడుతుంది, దొంగతనం బయటపడుతుంది. జేబుకు జరిగే మోసాన్ని పట్టుకోవడానికి అంత తెలివి ఖర్చు పెట్టాం. గుండెకు జరిగే మోసం సంగతి ఎన్నో ఏళ్ల తర్వాత గానీ బయటికి రాలేదు.

అట్లా సగం గట్టిపరిచినప్పుడు నూనెలో ట్రాన్స్ కొవ్వు అనేది పుడుతుంది. 1990లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు మెన్సింక్, కటాన్ దీన్ని మనుషుల మీద పరీక్షించి చూశారు. ఇది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, దానికి తోడు మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. అంటే రెండు వైపులా దెబ్బ. నెయ్యి కూడా చేయని చెడు ఇది. మన దేశంలో ఈ సంగతిని పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్త డాక్టర్ గఫూరున్నీసా ముఖ్యులు. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు గురించి, మన తిండికి ఏ నూనెలు సరిపోతాయన్న దాని గురించి ఆమె చేసిన పరిశోధనను ఇప్పటికీ ప్రస్తావిస్తారు. ఆడపిల్ల సైన్సు చదివి ఏం చేస్తుందని మన వీధుల్లో అడిగేవాళ్లకు ఈ పేరు చెప్పండి.

2009లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ వనస్పతి బ్రాండ్లను పరీక్షించి చూస్తే, డెన్మార్క్ పెట్టుకున్న 2 శాతం హద్దుకు ఐదు నుంచి పన్నెండు రెట్లు ట్రాన్స్ కొవ్వు దొరికింది. ఆ తర్వాత మన ఆహార భద్రతా సంస్థ హద్దును 10 శాతానికి, 2016లో 5కు, 2021లో 3కు, 2022 జనవరి నుంచి 2కు దించింది. చట్టం మంచిదే. అయితే ఇప్పుడొచ్చే వనస్పతి ఎక్కువగా పామాయిల్ సరుకుతోనే గట్టిపరుస్తారు. ట్రాన్స్ తగ్గిన చోట సంతృప్త కొవ్వు అట్లే ఉంది. పైగా బేకరీ పఫ్ఫులో, ఖారా బిస్కెట్టులో, బండి మీది పరోటాలో ఏ డబ్బాలోది వాడుతున్నారో మనకెవరూ చెప్పరు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. 1958 నుంచి 1962 వరకు మన రైల్వేలో పనిచేసిన 11 లక్షల మందికి పైగా ఉద్యోగుల గుండె జబ్బు మరణాలను డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా అనే రైల్వే వైద్యాధికారి లెక్కగట్టి 1967లో ప్రచురించారు. నెయ్యి, పాలు బాగా తినే ఉత్తరాది వాళ్ల కంటే, కొవ్వు చాలా తక్కువ తినే దక్షిణాది వాళ్లలో ఆ మరణాలు దాదాపు ఏడు రెట్లు ఎక్కువని తేలింది. మన పక్కనున్న గుంతకల్లు డివిజన్ ఆ రోజుల్లో దక్షిణ రైల్వేలోనే ఉండేది. కాబట్టి ఇది మన తాతల సంగతే. నెయ్యి మంచిదని వాదించేవాళ్లు ఈ లెక్కను చూపిస్తారు.

మేము దీని గురించి డాక్టర్లను అడిగాం, దొరికినంత చదివాం. మాకు అర్థమైంది ఇది. ఆ లెక్క మరణ రికార్డుల మీద కట్టింది. ఎవరు బీడీ తాగారు, ఎవరికి బీపీ ఉంది, ఎవరికి షుగర్ ఉంది అన్నది అందులో సరిగా తూచలేదు. కాబట్టి నెయ్యి కాపాడిందని దాన్ని బట్టి చెప్పలేం. కానీ ఒకటి మాత్రం అది గట్టిగా గుర్తు చేస్తుంది. కొవ్వు తగ్గించినంత మాత్రాన గుండె బాగుండదు. కొవ్వు తీసేసి ఆ చోట ఏం పెట్టామన్నది కూడా అంతే ముఖ్యం. సంతృప్త కొవ్వు తీసి ఆ చోట విత్తనాల నూనె, బుడ్డలు, చేప పెట్టినప్పుడు గుండెపోట్లు తగ్గాయని ఎన్నో పరీక్షలు చూపించాయి. కోక్రేన్ సంస్థ 2020లో అలాంటి పదిహేను పరీక్షలను కలిపి చూసి, రెండేళ్లకు పైబడి సంతృప్త కొవ్వు తగ్గించినవాళ్లలో గుండె, నాళాల జబ్బులు దాదాపు ఆరో వంతు తగ్గాయని చెప్పింది. అదే కొవ్వు తీసి ఆ చోట తెల్లన్నం, మైదా, చక్కెర పెడితే లాభం కనపడదు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. మన మనుషుల రిపోర్టుల్లో తరచూ కనిపించేది ఈ వరసే.

మన సీమ సంగతి ఇక్కడే ఉంది. ఆలూరు, ఆస్పరి, హొళగుంద వైపు నేలల్లో జొన్న, కొర్ర, సజ్జ పండేవి. జొన్నరొట్టె, బుడ్డల పొడి, పప్పు, ఆకుకూర. మాంసం పండుగకో, పెళ్లికో. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక ఆకలి తీరింది. అది చిన్న మేలు కాదు, ఈ కరువు నేల మీద దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే మూడు పూటలా అన్నమే కంచంలోకి వచ్చి, జొన్న పక్కకు జరిగింది. వర్షం నమ్ముకుని బుడ్డలు వేసిన రైతు, పంట అమ్మి ఆ డబ్బుతో దిగుమతి పామోలిన్ కొనుక్కుని ఇంటికి పోతున్నాడు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి వచ్చేదే.

గఫూరున్నీసా గారు, ఆమె తోటి శాస్త్రవేత్తలు పదే పదే చెప్పిన ఇంకో మాట ఉంది. మనం పోసే నూనె కాక, తిండిలో కనపడని కొవ్వు కూడా ఉంటుంది. జొన్నలో, సజ్జలో, పప్పుల్లో కొంచెం కొంచెంగా ఉండే ఆ కొవ్వు మంచి రకం. కాబట్టి పాత్రలో పోసే నూనె మనం అనుకున్నంత అవసరం లేదు. మనకు నిజంగా కొరతగా ఉన్నది ఒమేగా–3 అనే రకం. అది చేపల్లో, అవిసె గింజల్లో, కొంత ఆకుకూరల్లో దొరుకుతుంది. అవిసెల పొడి ఒక చెంచా రొట్టెలో నంజుకోవడం మన అవ్వలకు తెలిసిన పనే.

సరే, ఎంత నూనె వాడాలి? జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, రోజుకు రెండు వేల కేలరీల తిండి తినే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలన్నారు. నెలకు 810 గ్రాములు. లీటరు నూనె ప్యాకెట్టు మీద 910 గ్రాములని రాసి ఉంటుంది, చూడండి. అంటే మనిషికి నెలకు లీటరు కూడా పట్టదు. ఐదుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నాలుగున్నర లీటర్లు. బస్తాలు మోసేవాళ్లకు, పొలం పనికి పోయేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ కావాలి. షాపులో కూర్చునేవాళ్లకు, రిటైరైనవాళ్లకు అక్కర్లేదు. మహిళా విభాగం సమావేశంలో ఈ లెక్క చెప్పి, ఎవరింట్లో ఎంత ఖర్చవుతోందో రాసుకోమన్నాం. ఎక్కువ నూనె తేలింది పేదిళ్లలో కాదు. మా కమిటీ సభ్యుల ఇళ్లలోనే. కూర మీద వేలెడు తరీ తేలకపోతే వచ్చిన చుట్టాలు ఏమనుకుంటారన్న భయం ఇంకా పోలేదు.

గానుగ నూనె గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. రుచి, వాసన బాగుంటాయి, మా ఓటు కూడా దానికే. కానీ కొవ్వు వరకు చూస్తే గానుగదైనా, రిఫైండ్‌దైనా బుడ్డల నూనె బుడ్డల నూనే. కేలరీలు గ్రాముకు తొమ్మిదే. బూజు పట్టిన బుడ్డలు ఆడిస్తే అఫ్లటాక్సిన్ అనే విషం కొంత నూనెలోకి దిగుతుంది. కాబట్టి గింజ చూసి ఆడించుకోవాలి. విడిగా డబ్బాలోంచి కొలిచి అమ్మే నూనె కొనొద్దు. అట్లా అమ్మడం చట్టానికే విరుద్ధం.

మాకు తెలిసిన ఒక పెద్దాయన స్టెంటు పడ్డాక, గానుగ నూనెకు మారాను కదా అని డాక్టరు రాసిచ్చిన కొలెస్ట్రాల్ మాత్రలు ఆపేశారు. ఎనిమిది నెలలకు మళ్లీ ఆసుపత్రి పాలయ్యారు. ఆ రెండోసారి ఖర్చులో కొంత మీ డబ్బే. అల్లా దయవల్ల ఇప్పుడు తిరుగుతున్నారు. నూనె మార్చడం జబ్బు రాకుండా చూసుకునే పని. వచ్చిన జబ్బుకు మాత్రలు వేరే, వాటిని డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. బీడీ, గుట్కా మానకుండా నూనె ఒక్కటే మార్చినా ప్రయోజనం అంతంత మాత్రమే. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు పడితే గ్యాసు అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు, 108కు ఫోను చేయండి.

ఇఫ్తార్ విషయం కూడా రాయక తప్పదు. పగలంతా ఉపవాసముండి ఖర్జూరం, పండ్లు, గంజి తీసుకుంటే కడుపుకు హాయి. మనం మాత్రం సమోసా, పకోడీ, మిర్చి బజ్జీలతో మొదలుపెడతాం. ముప్పై రోజులు అదే బాణలి. మరిగిన నూనెను మళ్లీ మళ్లీ మరిగిస్తే అది విరిగి, పోలార్ పదార్థాలనేవి పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెతో వండకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. ఇంట్లో ఆ పరీక్ష చేసే వీలుండదు గానీ, నూనె నల్లబడి, నురగ తేలి, మామూలు కంటే ముందే పొగ వస్తుంటే దాని పని అయిపోయినట్టే. పోయిన ఏడాది మసీదు దగ్గర మా సంఘం తరఫున వేయించిన బజ్జీల నూనెను మూడు రోజులు వాడాం. ఒప్పుకుంటున్నాం.

బక్రీద్ మాంసం గురించి రెండు మాటలు. కండ వేరు, చర్బీ వేరు. కోసేటప్పుడే కనిపించే చర్బీ తీసేయమంటే సగం పని అయిపోయినట్టే. భేజా వంద గ్రాముల్లో రెండు వేల మిల్లీగ్రాములకు అటూ ఇటూ కొలెస్ట్రాల్ ఉంటుంది. గుండె జబ్బున్నవాళ్లు దాన్ని వదిలేయడమే మంచిది. మిగతావాళ్లకు ఎప్పుడో పండుగకు ఒక ముక్కతో వచ్చే ప్రమాదం లేదు. ప్రమాదం రోజూ తినేదాంట్లో ఉంది.

ఇక కిట్టు సంగతి. ఆ పెద్దాయన అన్న మాటలోనూ న్యాయముంది. ఏడాదికి ఒక్క ప్యాకెట్టు పామోలిన్‌తో ఎవరి గుండే ఆగదు. వనస్పతితో పోలిస్తే పామోలిన్ మేలే. కానీ సంఘం ఇచ్చింది కదా అని ఇంటివాళ్లు దాన్ని మంచి సరుకనుకుంటారు, తర్వాత పదకొండు నెలలూ అదే కొంటారు. మొదట లీటరు పామోలిన్ బదులు అర లీటరు బుడ్డల నూనె ఇద్దామనుకున్నాం. కిట్టు తీసుకునే ఒక తల్లిని అడిగితే, "అర లీటరు ఎన్ని దినాలొస్తుందన్నా?" అంది. ఆమె ఇంట్లో ఆరుగురు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

చివరకు కిట్టులోంచి వనస్పతి ప్యాకెట్టు తీసేశాం. ఆ డబ్బు కలిపితే లీటరు పామోలిన్ చోట లీటరు బుడ్డల నూనె సరిపోయింది. కిట్టు ఖర్చు దాదాపు అంతే. షీర్ ఖుర్మాకు డాల్డా లేకపోతే ఎట్లా అన్నవాళ్లకు, ఈద్ రోజు రెండు చెంచాల అసలు నెయ్యి వేసుకోమని చెప్పాం. కొందరు దాతలు ఆ నెయ్యి కూడా మేమే ఇస్తామన్నారు. వారికి కృతజ్ఞతలు. ఈ సంవత్సరం ఇంకో పాతిక మందికి కిట్లు పెంచాలని ఉంది. బుడ్డల నూనెను మిల్లు నుంచి నేరుగా టోకున తీసుకుంటే ఎంత తగ్గుతుందో కనుక్కుంటున్నాం. ఆదోనిలో, బళ్లారిలో నూనె వ్యాపారంలో ఉన్న దాతలెవరైనా ముందుకొస్తే మాట్లాడతాం.

తేలనిది ఒక్కటే, వార్షిక సభ రోజు వండే బిర్యానీ. దేగ్‌కు నూనె మూడో వంతు తగ్గించి, వనస్పతి పూర్తిగా మానేద్దామని కమిటీ తీర్మానం చేసింది. ఇరవై ఏళ్లుగా మనకు దమ్ పెడుతున్న వంట చాచా తీర్మానం చదివించుకుని విన్నారు. వనస్పతి మానడానికి ఒప్పుకున్నారు. నూనె దగ్గర మాత్రం, "ముందు ఒక దేగ్ మీ లెక్కన, ఒక దేగ్ నా లెక్కన వండుతా, ఏది ముందు ఖాళీ అయితే దాని మాట విందాం" అన్నారు. సభకు వచ్చే దాతలు రెండు దేగ్‌ల దగ్గరా రుచి చూసి, మీ అభిప్రాయం ఆఫీసులో చెప్పగలరు.